పాయింట్లు లేని ఆట

కవిటి,
22 జూన్ 2006, గురువారం.

చెల్లి కృపకు,

ప్రభువు నామంలో నీకూ, బావకీ, పాపకీ మీ పెద్దన్న వందనాలు. అమ్మ, మీ వదిన కమల, పిల్లలు బాగున్నారు. తమ్ముడు జయకర్ సంగతి ఒక్క ముక్కలో రాసేది కాదు. వరుసగా రాస్తాను. మధ్యలో కాగితం పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం పదో రోజుకి చేరింది. పాపని ఒకటో తరగతిలో వేశారని విని అమ్మ రెండుసార్లు మళ్లీ చదివించుకుంది. అమ్మ కంటి గురించి అడిగావు. టెక్కలిలో ఆపరేషన్ అయింది. బైబిలు ఇంకా చదవలేకపోతోంది గానీ మనుషుల్ని గుర్తుపడుతోంది. పట్టీ తీసిన రోజు మీ వదిన మొహం చూసి, "ఓలమ్మ, ఇంతలాగ సిక్కిపోనావేటే, నాకెవులూ సెప్పనేదు" అంది. నువ్వడిగిన జీడిపప్పు పలాస నుంచి తెప్పించి ఉంచాను. అటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపుతాను. భిలాయి ఆసుపత్రిలో నీకు మళ్లీ నైట్ డ్యూటీలు వేశారని రాశావు. వేళకి తిను. నీళ్లు బాగా తాగు. ఈ కిడ్నీ జబ్బులు మొదలయ్యాక ఈ మాట మన ఉద్దానంలో ఎవరు ఎవరికి ఉత్తరం రాసినా రాస్తున్నారు.

నువ్వు ముఖ్యంగా రెండు సంగతులు అడిగావు. జయకర్ ఆసుపత్రి కాగితాలన్నీ తేదీల వరుసలో జిరాక్సు తీయించి పంపమన్నావు, మీ డాక్టరుగారికి చూపిస్తానన్నావు. రెండోది కోపంగా అడిగావు. "వాడలా మంచాన ఉంటే పలాస వాళ్లతో మళ్లీ ఫ్రెండ్లీ మ్యాచ్ పెడుతున్నారట. కప్పు లేదు, పాయింట్లు లేవు. ఎవరి కోసం అన్నయ్యా ఆ ఆట?" అని. నీ ఉత్తరం అందేసరికి మ్యాచ్ అయిపోయింది. ముందు ఈ రెండోదానికి జవాబు రాస్తాను.

మన ఫుట్‌బాల్ గ్రౌండు నీకు తెలిసిందే. సరుగుడు తోటల వెనక, వేసవంతా అడుగేస్తే మడమ దాకా దిగబడే ఇసక. మృగశిరలో రెండు వానలు పడితే గాని గట్టిపడదు. లీగు జూన్ చివర్లో మొదలవుతుంది. దానికి రెండు వారాల ముందు పలాస రైల్వే కుర్రాళ్లతోనో, టెక్కలి వాళ్లతోనో ఒక ఆట ఆడటం నేను బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరిన ఏడు నుంచీ నడుస్తోంది. లీగులో పదకొండు మందితో ఆడిస్తాం. ఫ్రెండ్లీలో పద్దెనిమిది మందికీ బంతి తగులుతుంది. వేసవిలో తిరగక ఒళ్లు పెంచినవాడెవడు, మోకాలి నొప్పి దాచుకుని తిరుగుతున్నవాడెవడు, పరిగెత్తలేక పక్కవాడి మీద అరుస్తున్నవాడెవడు, అన్నీ ఆ రోజే బయటపడతాయి. తప్పు చేస్తే జనం నవ్వి ఊరుకుంటారు. సరిగా లేనివాణ్ణి "నువ్వు కొన్నాళ్లు కూకోరా" అన్నా వాడికి చిన్నతనం కాదు.

చూసేవాళ్లకీ అంతే. లీగు మ్యాచులు పలాసలోనో, టెక్కలిలోనో, ఇచ్ఛాపురంలోనో జరుగుతాయి. ఆడవాళ్లు, ముసలివాళ్లు అంత దూరం రాలేరు. సొంత జట్టుని కళ్లారా చూసుకునేది ఏడాదికి ఈ ఒక్కరోజే. చేపలమ్మే బొడ్డమ్మ ఉంది కదా, ఆ రోజు పెందలాడే గంప ఖాళీ చేసుకుని వచ్చి మూలజెండా దగ్గర కూర్చుంటుంది. "ఒరే కామేశూ, బంతెనకాల నువ్వు పరిగెడతన్నావా, నీ యెనకాల బంతి పరిగెడతందా?" అని ఆవిడ కేకేస్తే అవతలి జట్టు కూడా ఆట ఆపి నవ్వుతుంది. ఆట అయ్యాక రెండు జట్లకీ ఒకే వరుసలో ఆకులేసి చేపల పులుసు పెడతారు. లీగులో మమ్మల్ని తొక్కేసేవాళ్లు ఆ రోజు మా ఆకులో ముక్కలేస్తారు.

ఇన్ని రాశాను గానీ ఆ ఆటకి అసలు విలువ ఒకటే. పాయింట్లు లెక్కలోకి రాకముందే ఎవడు బాగున్నాడో, ఎవడు బాగులేడో తెలిసిపోతుంది. పన్నెండేళ్లుగా కుర్రాళ్లకి ఈ మాటే చెప్పాను.

పోయినేడు ఆట గురించి నీకు కొంతే రాశాను. ఇప్పుడు మొత్తం రాస్తాను.

అంతకుముందు చలికాలంలో విశాఖ నుంచి డాక్టర్లు వచ్చి పంచాయతీ ఆఫీసులో కిడ్నీ పరీక్షలకి క్యాంపు పెడితే పన్నెండు మంది వచ్చారు. రక్తం తీస్తే సత్తువ పోతుందని కొందరు, జబ్బుందని తేలితే పిల్లకి సంబంధాలు రావని కొందరు రాలేదు. నేనే వాళ్లకి కబురు పెట్టాను. "జూన్ పదకొండున మా ఫ్రెండ్లీ ఉంది. కవిటి, కంచిలి చుట్టుపక్కల జనమంతా అక్కడే ఉంటారు. గ్రౌండు పక్కన బల్లలేసుకోండి" అన్నాను. వచ్చారు. జనం సూదుల్ని చూసి దూరంగా నిలబడిపోయారు. అప్పుడు జయకర్ జెర్సీ చెయ్యి పైకి మడుచుకుంటూ వెళ్లి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. "సూడు బొడ్డమ్మత్తా, సీవ కుట్టినట్టుంటాది, అంతే" అన్నాడు. వాడి వెనక జట్టు, జట్టు వెనక బొడ్డమ్మ, ఆవిడ వెనక ఊరంతా. పేర్లు నేనే రాశాను. నూట నలభై మూడు.

ఆ రోజు ఎడమ పక్క జయకర్ ఆట అరగంట వరకు ఎప్పట్లాగే ఉంది. ఆ తర్వాత బంతి వాడి ముందు నుంచి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. రెండో సగంలో నడుం మీద చేతులేసుకుని వంగిపోయాడు. వాడి చోట కామేశ్‌ని దింపాను. కామేశ్ ఖాళీ గోలు ముందు బంతిని సరుగుడు తోటలోకి తన్నాడు, జనం పడీపడీ నవ్వారు. జయకర్ నా పక్కనే కూలబడి బూట్లు విప్పాడు. మేజోడు తీస్తే పిక్క మీద గాడి పడి ఉంది. వేలితో నొక్కాడు. గుంట అలాగే ఉండిపోయింది. "ఎండకి అన్నియ్యా" అన్నాడు. "ఎండకే" అన్నాను.

పలాస జట్టు కెప్టెన్ తిరుపతిరావు, రైల్వేలో గ్యాంగ్‌మన్, భోజనాల దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. "మాస్టారూ, మీ తమ్ముడు మునుపట్లాగ ఆడట్నేదు. వగర్పు తగ్గట్నేదు. కొన్నాళ్లు కూకోబెట్టండి" అన్నాడు. అవతలి జట్టు కెప్టెన్ చెప్పిన మాట. వాడికేం లాభం? లీగులో జయకర్ లేకపోతే వాళ్లకే మేలని చెప్పాడేమో అని నేను అప్పుడు అనుకున్నాను. నా బుద్ధి అలా పోయింది.

ఆ తర్వాత సంగతి నీకు రాసిందే. అందరి రక్తపరీక్ష చీటీలూ వచ్చాయని, జయకర్‌ది దారిలో ఎక్కడో పోయిందని రాశాను. లీగులో ఫైనలు దాకా వెళ్లామనీ, ఓడిపోయామనీ రాశాను. ఫైనల్లో సగం ఆట దగ్గర వాడు వాంతి చేసుకుని మళ్లీ దిగాడని రాయలేదు. సెప్టెంబరు మొదట్లో మొహం ఉబ్బి, ఊపిరాడక పడిపోతే విశాఖ తీసుకెళ్లాం. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది దాటిందన్నారు. అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం డయాలసిస్. "ఆ ఒక్క చీటీ సరైన వేళకి వచ్చి ఉంటే మందులతో ఇంకా కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాడు అన్నయ్యా" అని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది.

ఈ ఏడు ఫ్రెండ్లీ వద్దనే అనుకున్నాం. తిరుపతిరావు స్వయంగా ఇంటికొచ్చాడు. "మాస్టారూ, జయకర్ని ఇలాగ ఒగ్గీసి ఆడాలంటే మాకూ మనసొప్పట్నేదు" అన్నాడు. మంచం మీంచి జయకర్ లేచి కూర్చున్నాడు.

"ఎందుకొద్దు బావా? ఆడండి. డాక్టర్లని కూడా రమ్మనండి. నానూ వత్తాను."

"నువ్వేటి సేత్తావురా వచ్చి?" అన్నాడు తిరుపతిరావు.

"జనానికి ఓ మాట సెప్తాను."

మొన్న పదో తారీకు శనివారం జరిగింది ఆట. పోయినేటికి రెట్టింపు జనం. వాడు గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఎడం చేతికి కట్టుతో కూర్చున్నాడు. ఆట మొదలవబోయే ముందు మైకు అడిగాడు. గొంతు పెద్దగా రాలేదు గానీ మైకులో చివరి వరుసకి కూడా వినబడింది.

"నాను జయకర్ని. మీకందరికీ తెలుసు. పోయినేడు ఇక్కడ అందరికన్నా ముందు నానే సెయ్యి సాపినాను. అందరి సీటీలూ వచ్చినాయి, నాది రానేదు. రాపోతే పోయిందిలే అనుకున్నాను. అడగనేదు. ఆడుకుంటా తిరిగినాను. మీరలాగ సెయ్యకండి. సీటీ రాపోతే ఎల్లి అడగండి. ఆల్ల సొక్కా పట్టుకుని అడగండి. అంతే."

బొడ్డమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. జనమంతా డాక్టర్ల బల్లల వైపు చూశారు. అక్కడ కూర్చున్న డాక్టరమ్మ తల దించుకుంది. చేయని తప్పుకి తల దించుకుంది, కృపా.

జనం వెనక సైకిలు పట్టుకుని ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. నీకు తెలియదు అతను. పోయినేడు క్యాంపు వాళ్లు చీటీలు పంచడానికి పెట్టుకున్న మనిషి. ఒక చీటీ పోగొట్టాడని ఆ పని నుంచి తీసేశారు. ఆట చూడ్డానికి వచ్చాడు. అందరూ బల్లల వైపు చూస్తుంటే అతనొక్కడూ నా వైపు చూశాడు.

ఆ తర్వాత ఆట ఏమైందో నాకు తెలియదు. రెండు ఒకటితో పలాస గెలిచిందన్నారు. భోజనాల వేళ నేను నీళ్ల డ్రమ్ము దగ్గర ఉంటే ఎల్లాజీ వచ్చాడు.

"మాస్టారూ, నానొకటడగనా? ఆ రోజు బడి వరండాలో కట్ట మీ సేతికే ఇచ్చినాను. మీరే లెక్కెట్టుకుని నూట నలభై మూడున్నాయన్నారు, సంతకం కూడా అడగనేదు నాను. అందులో మీ తమ్ముడిది నేదా?"

"ఉంది ఎల్లాజీ" అన్నాను.

"మరేటి, ఏడాదిగా నన్ను..." అని ఆగిపోయాడు. చేయి కడుక్కోడానికి పట్టుకున్న చెంబు అక్కడే పెట్టేసి, తినకుండా వెళ్లిపోయాడు.

కృపా, చీటీ వచ్చింది.

జూన్ ఇరవై ఒకటో తారీకు, మంగళవారం, బడి రెండో గంట కొట్టే వేళకి. జబ్బుందని ఎర్ర సిరాతో గుర్తు పెట్టినవి ముప్పై ఒకటి ఉన్నాయి. జయకర్‌ది పైనుంచి ఆరోది. క్రియాటినిన్ 3.1 అని ఉంది. కింద తెలుగులో మూడు వాక్యాలు రాసి ఉన్నాయి. వెంటనే విశాఖ రావాలి. నీళ్లు బాగా తాగాలి. నొప్పి మాత్రలు వేసుకోకూడదు. నేను చదివాను. మిగతా ముప్పై ఇళ్లకీ ఆ సాయంత్రమే సైకిలు మీద తిరిగి ఇచ్చాను. ఒక్కొక్కరి చేతులు పట్టుకుని "అశ్రద్ధ చెయ్యకండి, రేపే వెళ్లండి" అని చెప్పాను. ఇంటికొస్తే వాడు గడప మీద కూర్చుని బూట్లకి నూనె రాస్తున్నాడు. "నాదేటయింది అన్నియ్యా?" అన్నాడు. "నీది రాలేదురా. వస్తుందిలే" అన్నాను. నాలుగు రోజుల్లో లీగు మొదటి మ్యాచ్. ఆ మాట నా నోట్లోంచి ఆలోచించకుండానే వచ్చింది. కానీ మర్నాడు ఆలోచించాను. ఆ తర్వాత రెండు నెలలు రోజూ ఆలోచించాను. ఆలోచించి కూడా చెప్పలేదు.

విశాఖలో ఒక కంపెనీ జట్టు వాళ్లు ఆ ఏడు లీగు చూడ్డానికి వస్తారని, నచ్చినవాడికి ఉద్యోగం ఇస్తారని చెప్పుకున్నారు. జయకర్ ఇంకెన్నాళ్లు కంచిలిలో కొబ్బరి లారీలకి లోడింగు చేస్తాడు, ఈ రెండు నెలలూ గట్టెక్కితే వాడి బతుకు మారిపోతుంది, అప్పుడు వైద్యం కూడా వాళ్లే చేయిస్తారు అని నాకు నేను చెప్పుకున్నాను. చాలాకాలం అదే నిజమని నమ్మాను. ఈ ఉత్తరంలో కూడా అక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ అది సగమే. పన్నెండేళ్లలో మన జట్టు ఒక్కసారీ సెమీఫైనలు దాటలేదు. ఆ ఏడు జయకర్ ఉంటే దాటుతుందని నాకు తెలుసు. కప్పు పట్టుకుని కవిటి సెంటర్లో లారీ మీద ఊరేగాలని నాకుండేది. నాకు, వాడికి కాదు. కంపెనీ వాళ్లు ఎవరూ రాలేదు.

ఇంకొకటి ఉంది. అది రాయడానికే మూడు కాగితాలు చింపాను. రెండో మ్యాచ్‌లో వాడి మోకాలు వాచింది. నొప్పి మాత్రలు నేనే కొన్నాను. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌కి ముందు రెండు, నా చేత్తో ఇచ్చాను. చీటీ నా సూట్‌కేసులో బట్టల కింద ఉంది, మాత్రలు నా జేబులో ఉన్నాయి. విశాఖలో డాక్టరుగారు "ముందెప్పుడైనా పరీక్ష చేయించారా?" అని అడిగితే లేదన్నాను. "నొప్పి మాత్రలు వాడారా?" అంటే "ఎప్పుడో ఒకటి" అన్నాను. నువ్వు నర్సువి. ఇది చదివేసరికి నీకు లెక్క తెలిసిపోతుంది. కాగితాల జిరాక్సులన్నీ ఇందులో పెట్టాను. ఆ చీటీ కూడా పెట్టాను, అసలుదే. తేదీల వరుసలో అది అన్నిటికన్నా ముందుంటుంది.

ఎల్లాజీ తినకుండా వెళ్లిపోయాక ఇక దాచలేకపోయాను. మర్నాడు ఆదివారం, గుడి నుంచి వచ్చాక జయకర్‌కి చెప్పాను. వాడు మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. అమ్మ వాడికి అన్నం కలుపుతోంది. నేను కింద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. అంతా అయ్యాక అడిగాడు.

"సీటీ సదివినావా?"

"చదివాను."

"మాత్రలెయ్యొద్దని అందులో ఉందా?"

"ఉంది."

"తొమ్మిది మ్యాచ్‌లు. మ్యాచ్‌కి రెండు" అన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. "కాళ్లు ఎందుకు పొంగుతన్నాయి అన్నియ్యా అని నిన్నడిగినాను, గెపకముందా? టెక్కలి మ్యాచ్ కాడ."

"ఉంది."

"ఎండకన్నావు."

నేను వాడి కాళ్ల మీద చెయ్యి వేయబోయాను. వాడు కాళ్లు పైకి తీసుకున్నాడు.

"నువ్వు సెప్పుంటే నాను ఆడకపోదునని అనుకుంటన్నావేటి? ఏటో, ఆడీవోణ్ణేమో. ఒక్క కప్పు కోసం నానే ఆడతానందునేమో. కానీ అది నాను సెప్పీ మాట అన్నియ్యా. నువ్వు సెప్పీది కాదు."

అమ్మకి కన్ను ఆ రోజే బాగా కనబడిందనుకుంటాను. నా మొహం కేసి అలాగే చూసింది. తిట్టలేదు. కొట్టినా బాగుండేది. కలిపిన అన్నం కంచం తీసుకుని, నాకు అడ్డంగా వాడి మంచం మీద కూర్చుని, ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తిని వాడు చాలన్నాడు.

ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. ఆసుపత్రికి అమ్మతో వెళ్తున్నాడు. కామేశ్ బండి మీద ఇద్దర్నీ కంచిలి స్టేషనులో దింపి, తిరిగొచ్చే రైలు వేళకి మళ్లీ వెళ్లి తెస్తున్నాడు. మొదటి శుక్రవారం నేనూ వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద సంచీ అందుకోబోతే, "అమ్మా, ఆయన్ని ఇంటికెల్లమను" అన్నాడు. నన్ను ఆయన అన్నాడు, కృపా. అమ్మ ఒక చేత్తో సంచీ పట్టుకుని, ఇంకో చేత్తో వాణ్ణి ఆనించుకుని రైలెక్కించింది. అరవై ఆరేళ్ల మనిషి, నిన్నమొన్న కన్ను కోయించుకున్న మనిషి. రైలు కదిలాక కూడా నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం దాకా ఉన్నాను.

ఎల్లాజీ సంగతి. సోమవారం, సోంపేటలో క్యాంపు పెట్టి ఉన్న ఆ విశాఖ వాళ్ల దగ్గరికి వెళ్లి జరిగింది రాసి సంతకం పెట్టి ఇచ్చాను. అతన్ని మళ్లీ పిలుస్తామన్నారు. ఇంకా పిలవలేదు. అతనింటికి వెళ్తే భార్య తవిటమ్మ గుమ్మంలోకి వచ్చి "ఇంటికాడ నేడు" అంది. సైకిలు లోపలే ఉంది. ఆదివారం సంఘంలో కూడా నిలబడి చెప్పాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఎవరూ నా దగ్గరికి రాలేదు. నేనూ ఎవరి దగ్గరికీ పోలేదు.

జట్టుని వదిలేశాను. ఇప్పుడు కామేశ్ చూస్తున్నాడు. ఈ ఏడు చీటీలు మొన్న సోమవారం వచ్చాయి, వాడి చేతికే ఇప్పించారు. రెండు వందల పైచిలుకు మందికి చేస్తే నలభై ఆరు ఎర్ర గుర్తులు. జట్టులో ఇద్దరు. కామేశ్ ఆ పూటే ఇద్దరిళ్లకీ వెళ్లి, "లీగూ వద్దు ఏటీ వద్దు. నువ్వు కూకో. రేపు నాతో ఇసాపట్నం వత్తన్నావు" అన్నాడట. ఒకడు గోల్‌కీపరు. ఏడ్చాడట, కామేశ్‌ని కొట్టడానికి లేచాడట. కామేశ్ కదల్లేదట. ఖాళీ గోలు కొట్టలేకపోయాడని పన్నెండేళ్లు కోచింగిచ్చిన నేను నవ్వాను వాణ్ణి చూసి. ఎవరి కోసం ఆ ఆట అని అడిగావు కదా. ఆ ఇద్దరి కోసం అనుకో. నీకు నేను ఇవ్వగలిగిన జవాబు అంతే. మన జయకర్‌కి అది ఏ పనికీ రాలేదు. రాకుండా చేసింది ఆట కాదు.

ఇంకొక మాట ఉంది, ఇది మీ వదినకి తప్ప ఎవరికీ తెలియదు. జనవరిలో నా కిడ్నీ ఇస్తానని విశాఖ వెళ్లాను. అన్ని పరీక్షలూ చేశారు. నాకే క్రియాటినిన్ రెండు ఉందట. ఇవ్వడానికి పనికిరాదన్నారు, ఇప్పటి నుంచి జాగ్రత్తగా ఉండమన్నారు. జయకర్‌తో రక్తం గ్రూపు కలవలేదని చెప్పాను. చూశావా, మంచి చేయబోయినప్పుడు కూడా అబద్ధమే ముందొచ్చింది. ఇది చదివి నా మీద జాలిపడకు. నాకు జాలి వద్దు. ఎందుకు రాస్తున్నానంటే, ఇక మిగిలింది నువ్వేనని నీకు తడుతుంది. నువ్వెలాంటిదానివో నాకు తెలుసు, రేపే బావతో మాట్లాడి సిద్ధపడతావు. దానికోసం ఈ ఉత్తరం రాయలేదు. నీకు పాప ఉంది. నువ్వూ పదిహేడేళ్లు ఈ నీళ్లే తాగినదానివి. ముందు నీ రక్తం పరీక్ష చేయించుకో. ఏం చేస్తావో అది నీ మాట. నీ బదులు నేను ఒక్క మాట కూడా అనుకోను. అమ్మ అడగదు. వాడూ అడగడు.

నేను అడిగేది ఇంకొకటి. సెలవు దొరికితే పది రోజులు రా. వాడు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. మొన్న మంగళవారం డయాలసిస్‌కి వెళ్లనని మొండికేశాడు. అమ్మ కాళ్లు పట్టుకుంటే లేచాడు. ఈ శుక్రవారం లేస్తాడో లేవడో తెలియదు. నేను చెబితే వినడు, వినకపోవడం న్యాయమే. చిన్నప్పుడు జ్వరమొస్తే నీ చేత్తో తప్ప మందు మింగేవాడు కాదు. నీ మాట మీద వెళ్తాడని అమ్మ అంటోంది. మందులన్నీ అలమారలో పై అరలో ఉన్నాయి, ఏది ఎప్పుడో అమ్మకి గుర్తుండటం లేదు, పేర్లు చదవలేకపోతోంది. నేను గడప బయటి నుంచి రంగులు చెబుతుంటే అమ్మ తీసిస్తోంది. ఇలా ఎన్నాళ్లు జరుగుతుంది?

వస్తే రైలు వేళ కామేశ్‌కి ఫోను చేసి చెప్పు, నంబరు వెనక రాశాను. వాడే స్టేషనుకి వస్తాడు, నేను రాను. దిగాక ముందు జయకర్ దగ్గరికి వెళ్లు. నా దగ్గరికి తర్వాత వచ్చినా సరే, రాకుండా వెళ్లిపోయినా సరే.

ఇట్లు,
నీ పెద్దన్న
నెహెమ్యా